‘మా గురించి’ అన్న పేజీ

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. లండన్‌లోని వెంబ్లీలో నువ్వూ, నీ స్నేహితురాలు సునీతా కలిసి పెట్టిన బ్లౌజుల షాపు వెబ్‌సైట్ పొద్దున తెరిచాను. “కొనేవాళ్లు ముందు మనిషిని నమ్ముతారే, మన కథ మన మాటల్లోనే ఉండాలి” అంటూ ‘మా గురించి’ పేజీ నువ్వే రాశావు. ఆ మాటలన్నీ అలాగే ఉన్నాయి. నిన్నటిదాకా ఉన్న నీ ఫొటో, పేరు తీసేసి సునీత తనవి పెట్టుకుంది.

వెంటనే ఫోన్ చేశాను.

“మీ అక్క బాగా రాసింది కదా, మార్చడమెందుకని ఉంచేశా,” అంది.

“నాన్న పోయాక మిషను కుట్టి అమ్మ పెంచిందని ఉంది. ఆవిడ మా అమ్మ, సునీతా.”

“వెబ్‌సైటే కదా, అంతా ఎవరు చదువుతారు?” అంది.

రోజూ నీ ఫొటో కోసం ఆ పేజీ తెరిచే అమ్మకు, ఇవాళ ఇంట్లో నెట్ రావడం లేదని చెప్పాను.

నీ చెల్లి