మేకలు తినివేసిన తుమ్మగింజలు

జూన్ 14, శుక్రవారం.

బంజరు గుట్ట మీద చల్లడానికి మొలకెత్తే తెల్లతుమ్మ విత్తనం ఇస్తానని అటవీశాఖ నర్సరీకి మాట ఇచ్చాను. పెంకు మెత్తబడాలని గింజలను వేడినీళ్లలో వేసి, పొయ్యి ఆపడం మరిచాను. ఒక్కటీ మొలవలేదు.

ఈ ఉదయం మేకలు కాసే లచ్చమ్మ వచ్చి నవ్వింది.

"గవి ఉడికినయ్ టీచరమ్మా, కూర వండుకో. పోయిన వారం నీకు జెప్పకుండ ఆ మూల కుండీల వేరే గింజలు పెట్టిన. మా మేకల పెంటికల్ల ఏరినయి. జర చూడు."

కుండీ నిండా పచ్చటి మొలకలు. మేక కడుపులో పెంకు మెత్తబడుతుందని తరగతిలో నేనే చెప్పేదాన్ని. అయినా ఎవరినీ అడగకూడదన్న పంతం నాది.

లచ్చమ్మ పెంటికల్లోంచి ఏరి ఉంచిన మిగతా గింజలతో రేపు నర్సరీకి పంపే సంచి మీద ఆమె పేరే ముందు రాస్తాను. మేకల సంగతి కూడా రాస్తే అధికారి నవ్వుతాడేమో... నవ్వనీ.