బకెట్‌కి కట్టిన నాడా

మార్చి 3, సోమవారం
మనవరాలు పరీక్షకి చదువుతోంది. పన్నెండో అంతస్తు నుంచి రాయి జారితే ఎంతసేపటికి నేల తాకుతుందన్నది లెక్క. వినగానే నా గుండె జారింది. దాని నాన్న, నా కొడుకు, తాడుకి వేలాడే పలక మీద కూర్చుని పెద్ద బిల్డింగులకి రంగులేస్తాడు. ఇప్పుడు ఎక్కేదీ పన్నెండంతస్తులే. ఇంకే లెక్కా దొరకలేదా అని కసిరాను. పుస్తకంలో ఉన్నదే చెయ్యాలంది.

మూడు సెకన్లు కూడా పట్టదట. నేల తాకేటప్పటికి గంటకి తొంభై ఐదు కిలోమీటర్ల స్పీడట. కిందున్నవాడు తలెత్తి చూసేలోపే అయిపోతుంది.

ఒక జవాబు మైనస్ వస్తే కొట్టేసింది. అది రాయి జారకముందు కాలమట, పనికిరాదట.

నేనుండేదంతా ఆ కాలంలోనే.

మార్చి 4
ముద్ద దిగలేదు.

మార్చి 5, ఉదయం
రంగు బకెట్ జారితే ఎలారా అని అడిగాను. పలక కొక్కేనికి తగిలిస్తానమ్మా, ఎప్పుడూ జారలేదన్నాడు. జారనంతవరకు ఏదీ జారదు.

నా పాత లంగా నాడా లాగేసి ఒక కొస బకెట్‌కి కట్టాను. రెండోది నీ బెల్టుకి కట్టుకో అన్నాను. పెట్టెలో కొత్త నైలాన్ తాడుంది గానీ అది బట్టలారేయడానికి. ఆయన్ని కూడా ఆరేస్తారా అత్తయ్యా అని కోడలు నవ్వింది. నా పోరు పడలేక వాడు సరేనన్నాడు.

ఈ పూట కాస్త తిన్నాను.

మార్చి 6, ఉదయం పది
నాడా సంగతి పిల్లకి గొప్పగా చెప్పాను. దాని మొహం మారింది. గబగబా కాగితం తీసింది. నాడా పొడవు మీటరు. అంత దూరం పడేసరికి నిండు బకెట్ సెకనుకి నాలుగు మీటర్ల పైచిలుకు వేగంతో ఉంటుందట.

"అక్కడ నాడా బిగుసుకుంటుంది నానమ్మా. బకెట్‌తో పాటు నాన్ననీ లాగేస్తుంది."

పదిన్నర
పైకెక్కేముందు వాడు ఫోన్ మేస్త్రీకి ఇచ్చేస్తాడు. మేస్త్రీ ఎత్తాడు. పని మధ్యలో దించడం కుదరదన్నాడు. నాడా సంగతి చెబితే నవ్వాడు. కోడలికి కత్తెరిచ్చి ఆటో ఎక్కించాను. కత్తెర ఎందుకిచ్చానో నాకే తెలీదు.

నేనే కట్టాను. రెండు ముళ్ళు వేసి మరీ కట్టాను.

పన్నెండు
కోడలు ఫోన్ ఎత్తడం లేదు.

సాయంత్రం
ఇద్దరూ వచ్చారు. కోడలు వెళ్ళేసరికే బకెట్ జారిందట. పలక ఒక్క ఊపు ఊగి, నాడా పుటుక్కున తెగిందట. కింద ఎవరూ లేరు. నేలంతా పసుపు రంగు.

వాడి బెల్టుకి మిగిలిన ముక్క విప్పి నా చేతిలో పెట్టాడు. పాతది కట్టి బతికించావమ్మా అన్నాడు.

రెండు చేతులా పట్టి లాగి చూశాను. తెగలేదు.