బియ్యం డబ్బా అడుగున గుప్పెడు

2009, శుక్రవారం రాత్రి

బుజ్జి నాన్నా, నువ్వు పోయాక మూతపడిన నీ కంప్యూటర్ షాపును నీ పెళ్ళాం పద్మ ఈ వారమే మళ్ళీ తెరిచింది. ఇవాళ బెల్లం మార్కెట్ షావుకారు కంప్యూటర్‌కి కొత్త డిస్కు సిద్ధం చేస్తూ నన్ను పిలిచింది.

“అత్తా, ఇలా సూడు. కొత్త డిస్కు తయారుసేసినప్పుడల్లా ఎంత జాగా ఖాళీగా దాచాలో నీ కొడుకు ముందే ఈ ఫైల్లో రాసి పెట్టేడు. మనం ఏటీ సెప్పకపోతే కంప్యూటర్ ఇదే సేత్తది. డిస్కు నిండిపోయినా మిషను ఆగిపోకుండా ఆ జాగా ఆదుకుంటాది.”

ఆ అంకె పైన నువ్వు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న మాట చదివి వినిపించింది. ‘అమ్మ బియ్యం డబ్బా.’

“ఇప్పటి డిస్కులు పెద్దవి కదా అత్తా, అంత దాచక్కర్లేదు” అంది. తీసేస్తుందేమోనని భయమేసింది. అది నువ్వు నీ చేత్తో పెట్టింది. పైకి మాత్రం “నీ షాపు, నీ ఇట్టం” అన్నాను.

పద్మ నవ్వింది. “నువ్వెప్పుడైనా డబ్బా అడుగు గీకేవా? మరి నేనెందుకు గీకుతాను?” అని అలాగే ఉంచేసింది.

సంతోషమే నాన్నా. కానీ అప్పట్నుంచీ ఒకటే గుబులు. చిన్నప్పుడు నువ్వు ఇంకొంచెం అన్నం అడిగితే, రేపటికని గుప్పెడు బియ్యం డబ్బాలోనే ఉంచి, అయిపోయాయనేదాన్ని. నువ్వు మూత తీసి చూసే ఉంటావు. చూసే అడగడం మానేశావేమో...

ఇక రేపటికని ఏమీ దాచక్కర్లేదు. అక్కడ కడుపునిండా తిను నాన్నా.