పక్క చాప మీది పెద్దామె

మామా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నాకు నిద్ర పట్టడం లేదని అక్క జమ్మలమడుగు అవతల ధ్యాన శిబిరానికి పంపింది. పట్టుమని పదిమందిమి లేము. మౌనం విడిచేదాకా పేర్లు కూడా అడగకూడదు. నేను మజ్జిగతోనే నాలుగు ముద్దలు తింటానని పక్క చాప మీది పెద్దామె కనిపెట్టి, రోజూ తన గ్లాసులోది నా కంచంలో పోసేది.

ఈ పొద్దున మౌనం విడిచారు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మా వాడు లారీ తోల్తాడు పాపా. పోయినేడు ముద్దనూరు కాడ బండి మీద వస్తాండే ఒకాయప్పను గుద్దినాడు. రోడ్డు నిండా చీనీకాయలేనంట. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు."

ఆ రోజు పులివెందుల నుంచి నువ్వు తెస్తానన్న చీనీకాయలు. నా చెయ్యి ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"మీ ఆయన బాగుండాడా?" అనడిగింది.

నీళ్లు తాగొస్తానని లేచివచ్చి ఇది రాస్తున్నాను. ఆమె ఇంకా అక్కడే కూర్చుని ఉంది. ఏం చెప్పమంటావు మామా?