తల వంచిన చిన్న విమానం

ప్రియమైన జుమగాలీ,

ఇక్కడ ఫోను అందదు. ఇంధనం లారీ తోలే అతను మన తరాజ్ మీదుగా వెళ్తున్నానంటే ఈ నాలుగు ముక్కలూ రాసిస్తున్నాను.

మిడతలు ఈ ఏడు వదిలేలా లేవు. తెల్లారకముందే లేస్తాం, గాలి లేచేదాకా మందు కొడతాం, ఎండ తగ్గాక మళ్ళీ విమానం ఎక్కుతాం. నాతోపాటు ఇంకో ముగ్గురు పైలట్లున్నారు. ఎవరికీ సెలవన్నది లేదు. ఎంత సబ్బు రుద్దినా మందు వాసన పోదు. రొట్టె కొరికినా అదే వాసన.

మొన్న విమానాన్ని కొత్త మైదానానికి చేర్చడానికి షిమ్‌కెంట్ వైపు వెళ్తుంటే, ప్రయాణికుల విమానం ఒకటి కాస్త దగ్గరగా పోయింది. ఏమీ కాలేదు. ఎవరైనా ఏమైనా అంటే కంగారు పడకు.

పాప అయ్‌గనిమ్‌కి జడలు అత్తయ్యని వెయ్యమను. నువ్వు వేస్తే మధ్యాహ్నానికే ఊడిపోతాయి.

అలసిన నీ
ఉల్బోసిన్

*

ప్రియమైన ఉల్బోసిన్‌కు,

అమ్మాయి బాగుంది. బడికి వేసవి సెలవులిచ్చినా మా హెడ్మాస్టరు నన్ను వదలలేదు. తరగతి గదులకు రంగులు వేయిస్తున్నాడు.

మన పక్కింటి కుల్యాష్ అక్క వచ్చేసింది. రెండేళ్ళు మాస్కో బజారులో బట్టలమ్మి అలసిపోయి వచ్చిన మనిషి, దిగిన దగ్గర్నుంచీ వీధంతా ఒకటే కథ. "షిమ్‌కెంట్‌లో దిగబోతున్నామా, నా కిటికీ పక్కనే ఇంత చిన్న విమానం! రెక్కలు పైనొకటి కిందొకటి, తాళ్ళేసి కట్టినట్టున్నాయి. ఎవడు తోలుతున్నాడో, వాడి చేతులు పడిపోను! తాగి ఎక్కాడో, ఏం చేశాడో! ఇంతమందిమీ బూడిదయ్యేవాళ్ళం!" అంటూ గుండెలు బాదుకుంది. అమ్మ జాలిపడి నూనెలో బావుర్సాక్ రొట్టెలు వేయించి, నలుగుర్నీ పిలిచి దువా చేయించింది. "మా కోడలూ విమానం నడుపుతుందమ్మా, ఇలాంటి తలతిక్క పనులు మాత్రం చెయ్యదు" అని గొప్పగా చెప్పుకుంది. నేనూ తలూపుతూ చాయ్ తాగాను.

అందరూ వెళ్ళాక నీ ఉత్తరం మళ్ళీ తీశాను. కాస్త దగ్గరగా అంటే ఎంత దగ్గర, ఉల్బో?

నీ
జుమగాలి

*

ప్రియమైన జుమగాలీ,

కుల్యాష్ అక్క తిట్టింది నన్నే.

మబ్బు పల్చగా ఉంది. నాకు చెప్పిన ఎత్తులోనే పోతున్నాను. మబ్బులోంచి అది తెల్లగా, ఇల్లంత, నేరుగా నా మీదికి వచ్చింది. విమానం ముక్కు వంచే కర్రను ముందుకు తోశాను. తోశానో, చెయ్యే తోసిందో తెలియదు. దాని నీడ నా మీదుగా పోయింది. ఆ వెనకాల గాలి సుడి తగిలి విమానం పక్కకు దొర్లింది. నేల దగ్గరపడ్డాక గానీ చేతికి రాలేదు. గడ్డిలో దింపి, రెక్క కింద కూర్చుండిపోయాను.

ఇప్పుడు నన్ను ఎగరొద్దన్నారు. ఆ పెద్ద విమానం కెప్టెన్, నేను పైకి లేచి తన దారికి అడ్డం వచ్చానని, తానే విమానాన్ని పైకెత్తి తప్పించానని రాసిచ్చాడట. ఎంత ఎత్తులో ఉన్నానో గుర్తుపెట్టుకునే యంత్రం నా ముసలి విమానంలో లేదు. వాళ్ళ దాంట్లో ఆ యంత్రం ఉన్నా, అందులోది చెడిపోయిందంటున్నారు. పై వారం షిమ్‌కెంట్‌లో విచారణ. తప్పు నాదేనంటే ఇక జన్మలో విమానం ఎక్కనివ్వరు.

నీతో ఒకటి చెప్పాలి. ఎగరొద్దనగానే నాకు ఏడుపు రాలేదు. గుడారంలోకి వెళ్ళి నిద్రపోయాను. లేచి మళ్ళీ నిద్రపోయాను. ఇంత హాయిగా ఉందేమిటా అని భయమేసింది.

అత్తయ్యకు చెప్పకు.

నీ
ఉల్బోసిన్

*

ప్రియమైన ఉల్బోసిన్‌కు,

అమ్మకు చెప్పలేదు. కుల్యాష్ అక్కకు మాత్రం చెప్పకుండా ఉండలేకపోయాను. నేరుగా వెళ్ళి, "అక్కా, చేతులు పడిపోను అని నువ్వు తిట్టిన మనిషి మా ఆవిడే" అన్నాను.

పిండి పిసుకుతున్నదల్లా ఆగిపోయింది. "మన ఉల్బోసినా? అయ్యో అల్లా! నా నోరు కాల్చెయ్య!" అని పీట మీద కూలబడింది.

"అక్కా, బాగా గుర్తు తెచ్చుకో. మీ విమానం పైకి లేచిందా?"

"లేవడమా? తిన్నగా దిగుతూనే ఉంది. కిటికీ వైపున్న నలుగురం తప్ప ఎవరూ లేచి చూళ్ళేదు. ఆ చిన్నదే కోడిపిల్లలా ముక్కు కిందకి వంచి మా కడుపు కిందకి దూరిపోయింది."

"మరి విమానంలో అందరూ అరిచి ఏడ్చారని వీధంతా చెప్పావే?"

"నేను అరిచాను కదా! నేనరిస్తే అందరూ అరిచినట్టే!" అంది. తర్వాత పిండి చేతులు గుడ్డకు తుడుచుకుని, "తిట్టిన నోటితోనే అక్కడికొచ్చి చెప్తాను. బస్సెప్పుడో చూడు" అంది.

రావద్దని రాయకు. ఈ ఉత్తరం నీకందేలోపు మేం బయల్దేరి ఉంటాం.

నీ
జుమగాలి

*

ప్రియమైన జుమగాలీ,

సామాను అప్పగించడానికి మళ్ళీ ఈ మైదానానికి వచ్చాను. నిన్ను బస్సెక్కించేటప్పుడు చెప్పలేకపోయిన మాట ఇది.

విచారణలో కుల్యాష్ అక్క చెప్పింది నువ్వూ విన్నావు. ఆ కెప్టెన్ తలెత్తలేకపోయాడు. తర్వాత మిమ్మల్ని బయట కూర్చోమన్నారు కదా. అప్పుడు విచారణ అధ్యక్షుడు, తప్పు నాది కాదని, అక్కడ నేనున్నానని కెప్టెన్‌కు చెప్పకుండానే కింద నుంచి విమానాలకు దారి చెప్పేవాళ్ళు దిగమన్నారని తేల్చాడు. "నువ్వింకేమైనా చెప్పాలా, తల్లీ?" అన్నాడు. లేదంటే అయిపోయేది.

"నేను దాన్ని ముందే చూడాల్సింది" అన్నాను. "మబ్బు అంత దట్టంగా ఏమీ లేదు. నా కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ చూడట్లేదు. మిడతలు వచ్చిన దగ్గర్నుంచీ నాకు ఒక్క రోజు విశ్రాంతి లేదు. ఇక్కడ ఎవరికీ లేదు."

ఆయన ఆ మాటలు కాగితం మీద రాయించాడు. వచ్చే వసంతం దాకా నేను ఎగరకూడదన్నారు. మైదానంలో ప్రతి పైలటూ వారానికో రోజు విమానం ఆపి తీరాలన్నారు. నడవాలో నువ్వు నవ్వుతూ ఎదురొచ్చావు. నీకేమో అంతా గెలిచినట్టుంది. తలనొప్పి అని చెప్పి మొహం తిప్పుకున్నాను.

నాతో ఎగిరే ముగ్గురిలో ముసలి తెమిర్‌బోలత్ నా మీద కోపంగా ఉన్నాడు. సామాను కడుతుంటే వచ్చి, "పంట మిడతలు తినేస్తుంటే మమ్మల్ని పడుకోబెట్టావు కదే పిల్లా! నోరు మూసుకుని ఇంటికి పోలేకపోయావా?" అన్నాడు. నేను మూట ముడి బిగించాను.

ఈ పొద్దున లేచి బయటికి వచ్చాను. ఎండ బాగా ఎక్కింది. మూడు విమానాలు ఎగిరిపోయి ఉండాలి, రెండే వెళ్ళాయి. తెమిర్‌బోలత్ విమానం కింద చూస్తే, బూట్లు విప్పి పక్కన పెట్టుకుని, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఈగలు వాలుతున్నా కదల్లేదు. నేను అడుగుల చప్పుడు కాకుండా అక్కడి నుంచి వచ్చేశాను.

రేపటి బస్సుకు వస్తున్నాను.

నీ
ఉల్బోసిన్