ఎర్ర దారం చుట్టిన కవరు

ప్రియమైన అన్నయ్యకు,

నీ అగ్గిపుల్ల రాస్తోంది. చదివాక నవ్వకు. నవ్వావో, పైకి వెళ్లాక కూడా నీతో మాట్లాడను.

ప్రభువు రాకడ వచ్చే నెల పద్నాలుగున, గురువారం. నలభై మూడు కరపత్రాలు చదివి, మూడు నోటుపుస్తకాలు నింపి, రెండుసార్లు సరిచూసి తేల్చాను. ఆ రోజు విశ్వాసులందరూ రెప్పపాటులో పరలోకానికి ఎత్తబడతారు. ప్రెస్సులో బైండింగ్ పని మానేస్తున్నానని నిన్న ఫోర్‌మన్ మొహం మీదే చెప్పేశాను. "లోకమే ముగిసిపోతుంటే వచ్చే ఏడాది డైరీలకి అట్టలు ఎవరి కోసం?" అని అడిగాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, "పదమూడు దాకా రావచ్చుగా" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

నా బెంగంతా నీ గురించే. అమ్మ పోయినప్పుడు ఆ సంఘపెద్ద "విశ్వాసం చాలకే జబ్బు ముదిరింది" అన్నాడని నువ్వు చర్చి గడప తొక్కడం మానేశావు. ప్రార్థనా మానేశావు. ఏడేళ్లయింది. నోరు జారింది ఆయన, మిగిలిపోయేది నువ్వా? ఇదేం న్యాయం? పన్నెండేళ్ల నాకు వంకరటింకర జడలు వేసి బడికి పంపిన చేతులు ఇక్కడే ఉండిపోతాయంటే దేవుడి మీద కూడా కోపం వస్తోంది. వెంటనే క్షమించమని అడుగుతున్నాననుకో.

దీనితో ఒక కవరు పంపుతున్నాను. నాలుగువైపులా జిగురు రాసి, ఎర్ర బైండింగ్ దారం చుట్టాను. నేనిక్కడ లేనని తేలాకే విప్పాలి. నా మీద ఒట్టు.

నీ చెల్లెలు

*

ఒసేయ్ అగ్గిపుల్లా,

నవ్వలేదు. సగం నవ్వి ఆపుకున్నాను.

ప్రభువు గురువారం వస్తాడు సరే, అప్పటిదాకా ఏం తింటావే, కరపత్రాలా? ఫోర్‌మన్ చెప్పినదాంట్లో తప్పేముంది?

నేను మిగిలిపోతే బెంగపడకు. జనమంతా పైకి పోతే వాళ్లు వేసి వెళ్లిన తాళాల సంగతి చూడ్డానికి ఒకడు ఉండాలిగా. నాకు గిరాకీకి లోటుండదు.

కవరు అందింది. దుకాణంలో తాళంచెవుల సొరుగులో భద్రంగా పెట్టాను. నా పద్ధతి నీకు తెలుసు: సొంతదారు పక్కన నిలబడితే తప్ప ఎవరి తాళమూ తీయను. మొన్న ఒకాయన పెట్టె పట్టుకొచ్చి, "మా ఆవిడది, నాదే అనుకో" అన్నాడు. "అయితే ఆవిణ్ణే తీసుకురండి" అన్నాను. తిట్టుకుంటూ పోయాడు. నీ కవరుకీ అదే మర్యాద.

అక్కడ అమ్మ కనబడితే, జడలు వేయడం నాకు చివరికి బాగానే వచ్చిందని చెప్పు.

అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యా,

రేపే. గది తుడిచాను. ఉన్న ఒక్క మంచి దుప్పటీ కింద ఇస్త్రీ చేసే అత్తకి ఇచ్చేశాను. ఈ తేదీ నమ్మినవాళ్లం తొమ్మిదిమందిమి ఒక మేడ మీద కలుస్తున్నాం. నిన్ను ఎన్ని మాటలన్నానో ఇవాళ లెక్కపెట్టబోయి మానేశాను. క్షమించు. ఈ ఒక్క సాయంత్రమైనా ప్రార్థన చెయ్యి. బతిమాలుతున్నాను.

నీ చెల్లెలు

*

చెల్లీ,

ఇది నీ గది బయట మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. తలుపు కిందనుంచి తోస్తాను.

పద్నాలుగు వెళ్లి మూడు వారాలైంది. నీ దగ్గరనుంచి ముక్క లేదు. పొద్దున బస్సు దిగి ప్రెస్సుకి వెళితే, రావట్లేదన్నారు. ఇక్కడికొస్తే తలుపుకి తాళం, గడప ముందు నీ చెప్పులు. ఎంత పిలిచినా పలకలేదు. ఇస్త్రీ అత్త, "పిల్ల చాలారోజులుగా కిందికే దిగలేదు బాబూ" అంది.

నిజం చెప్పనా? ఒక అరగంట నమ్మేశాను. వెళ్లిపోయావనుకున్నాను. ఎవర్నైనా తీసుకెళ్లాలంటే నిన్నే కదా తీసుకెళ్లాలి. సంతోషం, ఏడుపు కలిసి వచ్చాయి. వెంట తెచ్చిన నీ కవరు జేబులోంచి తీశాను. దారం కొస పట్టుకున్నాను.

అప్పుడు లోపల కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది.

ఇక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. "స్తోత్రం ప్రభువా, దీన్ని నాకు ఉంచావు" అన్నాను, పైకే. ఏడేళ్లకి నా నోట వచ్చిన మొదటి ప్రార్థన ఇదే. నువ్వు కోరుకున్నది ఇలాంటిది కాదేమో. నాకొచ్చింది ఇదే.

తలుపులో ఈ తాళం నేను బిగించిందే, లోపలనుంచీ వేసుకోవచ్చు. లోపల గడియ లేదనీ తెలుసు. పనిముట్లు సంచిలో ఉన్నాయి, రెండు నిమిషాల పని. కానీ సొంతదారు లోపలుంది. కూర్చుంటాను.

అన్నయ్య

*

అన్నయ్యా,

వెళ్లిపో. వీధిలో అందరూ నవ్వారు. మేడ మీదనుంచి మిగతా ఎనిమిదిమందీ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా దిగిపోయారు. పని లేదు, దుప్పటీ లేదు. నేను మిగిలిపోయినదాన్ని. నీకు ఈ మొహం చూపించలేను.

*

నేనూ మిగిలిపోయినవాణ్ణే కదే. ఒకరికొకరం తోడు.

రొట్టె తెచ్చాను. ఇస్త్రీ అత్త టీ ఇచ్చింది, నీ దుప్పటీ కూడా తిరిగిచ్చింది. టీ చల్లారిపోతోంది. నేను మాత్రం కదలను.

*

ప్రియాతిప్రియమైన అన్నయ్యకు,

నువ్వు వచ్చి వెళ్లి మూడు నెలలైంది. ఫోర్‌మన్ నన్ను మళ్లీ పనిలోకి తీసుకున్నాడు. ఒక్క వెటకారం ఆడలేదు. "జిగురు కలుపు, డైరీలు ఆలస్యమయ్యాయి" అన్నాడంతే. వెనక్కి తిరిగి ఏడ్చాను. ఇప్పుడు ఆయన పేరూ నా ప్రార్థనలో ఉంది, ఇస్త్రీ అత్త పేరు పక్కన.

రాకడ మీద నా నమ్మకం చెక్కుచెదరలేదు. పోయింది నా లెక్కే. నోటుపుస్తకాలు మూడూ చింపి అట్టల లోపలి పొరకి వాడేశాను.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఆ రోజు నేను తలుపు తీయగానే, "ఇక్కడే ఉన్నావుగా, ఇది నీది" అని కవరు నా చేతిలో పెట్టావు. సిగ్గుతో దాన్ని పెట్టె అడుగున పడేశాను. నిన్న కనబడితే విప్పాను. అందులో ఏం పెట్టానో నేనే మర్చిపోయాను. ఒక కాగితం: "గదిలోవన్నీ నువ్వు తీసుకో." కాగితంలో చుట్టి, నా గది రెండో తాళంచెవి.

అన్నయ్యా, కళ్లు మూసుకుని తడిమి ఏ తాళంచెవి ఏ బీరువాదో చెప్పేవాడివి నువ్వు. కవరు అందిన రోజే నీ వేళ్లకి తెలిసిపోయి ఉంటుంది. నా తలుపు తాళంచెవి జేబులో పెట్టుకుని, మెట్ల మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా, నేను తీస్తానని కూర్చున్నావు. నేను మిగిలిపోయానని లోపల ఏడుస్తుంటే, నేను మిగిలినందుకు గడప అవతల స్తోత్రం చెప్పావు.

తాళంచెవులన్నీ తన చేతిలో ఉన్న ప్రభువు కూడా తలుపు దగ్గర నిలబడి తడతాడని చిన్నప్పటినుంచీ వింటున్నాను. ఎలా ఉంటాడో నలభై మూడు కరపత్రాల్లో దొరకలేదు. ఆయన ఎప్పుడొచ్చినా ఇక నాకు భయం లేదు. నీ గురించి బెంగా లేదు.

ఆ తాళంచెవి మళ్లీ పంపుతున్నాను. ఈసారి దారం చుట్టలేదు, కవరు అంటించలేదు. నేను ఉన్నా లేకపోయినా, నువ్వు బయట కూర్చోకు.

నీ అగ్గిపుల్ల