గృహ విద్య అనే గెంటివేత

జూలై 1

ఈ పేజీ ఎవరి కంటబడినా సరే, ముందే చెబుతున్నాను. శిరీషను బడి నుంచి గెంటింది నువ్వే. "అయ్యో పాపం, అట్లాంటి పిల్లలకు వేరే బడులుంటాయి కదా" అన్నావు చూడు, ఆ నోటితోనే గెంటావు. నీ జాలిని తీసుకెళ్లి కృష్ణలో పారేయ్.

మా బడిలో ఏడో తరగతి. చెవులు వినపడవు. పెదవులు చూసి పాఠం పట్టుకునే పిల్ల. బడి తెరిచి మూడో వారం... ఒక్క రోజూ రాలేదు.

హెడ్మాస్టర్‌ను అడిగాను. "పేరున్నది గద సార్ రిజిస్టర్ల!"

పేరుంది. పిల్ల లేదు.

"పదకొండో తారీకు శుక్రవారం జిల్లావోళ్లు పరీక్ష పెడ్తుండ్రు. గా పిల్ల రాస్తే క్లాసు మొత్తం కిందికి గుంజుతది. జర ఠండాగుండు."

అరిచాను. లెక్కల మేడమ్ తన టిఫిన్ డబ్బా పక్కకు జరుపుకుంది.

జూలై 2

ఇలాంటి పిల్లల కోసం మండలానికంతటికీ ఒక్కరే ప్రత్యేక టీచర్. ఆమెను ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు — వివరాలు ఎక్కించాలట. ఎవరి వివరాలు? ఆమె పాఠం చెప్పాల్సిన పిల్లలవే!

జూలై 3

నేనూ బోర్డు వైపు తిరిగే పాఠం చెబుతాను. ఇవాళే గమనించాను. పోయిన సంవత్సరమంతా ఆ పిల్ల నా వీపు చూసింది.

జూలై 5

సాయంత్రం శిరీష ఇంటికి. తల్లి లక్ష్మి మగ్గం మీద. పక్కన శిరీష, తెగిన పోగులు ముడివేస్తూ. నన్ను చూడగానే లోపలికి పరుగు... బ్యాగు తగిలించుకుని వచ్చి గడప దగ్గర నిలబడింది.

"కూసో బిడ్డా. సారు నిన్ను తీస్కపోనీకి రాలే."

తల్లి పెదవులు చూసింది శిరీష. బ్యాగు దించింది.

ఎందుకు పంపడం లేదమ్మా అంటే లక్ష్మి నన్ను ఎగాదిగా చూసి —

"ఏంది సారూ, గట్లడుగుతరు? పోయిన సాలు ఆఖరుకు కాయిదం మీద మీరే గద దస్కత్ పెట్టుమంటిరి! ఇంటికాడికి టీచరమ్మ గూడ వస్తదంటిరి. ఒక్కతూరి వచ్చె, ఫోటో దిగె, పాయె. పెద్దసారేమో, ఇంటికాడి సదువుకు రాసిచ్చినవు, ఇంగ బడెందుకు అనె."

నేనే. బడితో పాటు అదనపు సాయం అనుకున్నాను. కాగితం చదవకుండా సంతకం పెట్టించాను. ఊరందరికీ జీవోలు చదివి వినిపించే నేను.

తిరుగు బస్సు కృష్ణ మీది బీచుపల్లి వంతెన దాటినా నాతో నాకు తగువే.

జూలై 6

ఆదివారం. ప్రత్యేక టీచర్ ఇంటికి వెళ్లి కాగితం నకలు తెచ్చి చదివాను. గృహ ఆధారిత విద్య: "కదలలేని పిల్లలకు మాత్రమే."

నిన్న బ్యాగు కోసం ఆ పిల్ల పరుగెత్తింది కదరా!

జూలై 7

హెడ్మాస్టర్ — "పేరు తియ్యాల్నంటే తల్లి రాసియ్యాలె. నువ్వు రాసిస్తే చెల్లదు."

పెట్టించడానికి నా మాట చెల్లింది. తీయించడానికి చెల్లదు.

జూలై 8

ఈసారి అర్జీ ప్రతి అక్షరం చదివి వినిపించాను. లక్ష్మి మగ్గం ఆపి విన్నది.

"కాయిదం మార్తే బిడ్డకొచ్చే వికలాంగుల పింఛన్ ఆగదు గద?"

ఆగదమ్మా.

"పోయినసారి గూడ గిట్లనే ధైర్యం జెప్పితిరి."

పింఛన్ మాట ఆఫీసరుతోనే రాయించాలని అర్జీలో ఒక వాక్యం చేర్చాను.

"మా ఇంటాయన రానీ సారూ. అడిగి చెప్త."

జూలై 9

సంతకం ఇంకా పడలేదు. పరీక్ష ఎల్లుండి. అర్జీలో ఉన్నవి ఇవి:

1. శిరీష పేరు గృహ విద్య జాబితా నుంచి తీసేయాలి. పింఛన్ ఆగదని ఆఫీసరు రాతపూర్వకంగా ఇవ్వాలి.
2. ప్రత్యేక టీచర్‌ను కంప్యూటర్ ముందు నుంచి లేపి బడికి పంపాలి.
3. పిల్లల వైపు తిరిగి పాఠం చెప్పాలి. నాతో సహా అందరూ.
4. పరీక్ష ఉందని ఏ పిల్లనూ ఇంట్లో ఉంచకూడదు.
5. శుక్రవారం శిరీషకు ఒక ప్రశ్నపత్రం ఇవ్వాలి. ఆమెకు సున్నా వస్తే ఆ సున్నాను బడి మార్కుల్లో కలపాలి.